జాబితాకెక్కని తారక-14

కాకినాడ రేవుకు వెళ్ళే దారిలో, ఐసు ఫ్యాక్టరీ దాటాక, రాష్ట్ర మిథ్యాయంత్రాల సంచాలనాలయం ఉంది. పేరు చూసి అక్కడ ఏమీ జరగదని కొందరు అనుకుంటారు. అది తప్పు. అక్కడ పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. అదేమిటన్నది వేరే ప్రశ్న.

మిథ్యాయంత్రం అంటే కంగారు పడనక్కరలేదు. పెద్ద మేడ ఉన్న ఆసామి లోపల అడ్డగోడలు కట్టించి, ఆరు వాటాలు చేసి అద్దెకిస్తాడు. ఏ వాటాలో వాళ్ళు ఆ వాటాయే లోకమన్నట్టు కాపురం చేసుకుంటారు. అలాగే ఒక పెద్ద కంప్యూటరు లోపల ఒక సాఫ్ట్‌వేరు అడ్డగోడలు కట్టి, ఆరు ఉత్తుత్తి కంప్యూటర్లను తయారు చేస్తుంది. ప్రతిదీ తానే అసలు కంప్యూటరునని నమ్మి పని చేసుకుపోతుంది. అవి కళ్ళు తెరవగానే అడిగే మొదటి ప్రశ్న, "నన్ను నడిపే ప్రాసెసరు ఎవరు?" అని. సాఫ్ట్‌వేరు తన దగ్గరున్న జాబితా చూసి పేరు చెబుతుంది. ఆ పేరును బట్టి ఉత్తుత్తి కంప్యూటరు ఎంత పరిగెత్తాలో నిర్ణయించుకుంటుంది. జాబితాలో లేని ప్రాసెసరైతే, ఉన్నవాటిలో దానికి దగ్గరగా ఉండే పాత పేరేదో చెప్పేస్తుంది. కొత్త కోడలిని పెద్ద కోడలి పేరుతో పిలిచినట్టు.

ఈ ఆఫీసులోని ఆరు ఉత్తుత్తి కంప్యూటర్లలో అయిదు ఏం చేస్తాయో ఎవరికీ తెలియదు. ఆరోది మాత్రం రేపటి అలల లెక్క కడుతుంది. రేపు సముద్రం ఎలా ఉంటుంది, వేటకు వెళ్ళవచ్చా, కూడదా అన్నది తేల్చి తీరంలోని పల్లెలకు మైకుల ద్వారా వినిపించాలి. అయితే దాన్ని నడిపే ప్రాసెసరు తారక-3. బాగా వయసు మళ్ళినది. రేపటి లెక్క అది ఎల్లుండికి పూర్తి చేస్తుంది. అయినా ఆఫీసు ఏనాడూ ప్రకటన మానలేదు. నిన్న సముద్రం ఎలా ఉండబోతోందో ఈరోజు క్రమం తప్పకుండా చెబుతూనే ఉంది.

సూరాడ నూకరత్నం ఆ ఆఫీసులో ఇంజనీరుగా చేరి నాలుగు నెలలైంది. వాళ్ళది రేవుకు పైన ఇసకపేట. తండ్రి పోలయ్య వేటకు వెళ్ళే మనిషి. కూతురికి ఆ ఆఫీసులోనే ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు ఆయన పేటంతా చేపలు పంచాడు. నవ్వడం కూడా మానలేదు.

"మీ ఆపీసోళ్ళ మాట ఒక్కనాడూ తప్పవ్వదే రత్తమ్మా," అన్నాడు. "జరిగిపోయాక సెప్తే తప్పెలాగవుద్ది? ఆళ్ళు పెద్ద అలలంటే, పోన్లే, నిన్నటితో పోయిందిరా అని పడవ తోసేత్తాం. సోమయాజులు గారున్నప్పుడు ఇలాగ ఉండేది కాదు. ఆయనకి అనుమానమొత్తే సాయంత్రం ఆయనే పోను సేసేవోడు. పోలయ్యా, రేపొద్దురా అనేవోడు. అంతే."

పిసుపాటి సోమయాజులు గారు కిందటేడు వినాయక చవితి వెళ్ళాక, ఆఫీసు మెట్ల మీద, గుండె ఆగి పోయారు. ఆయన కూర్చునే కుర్చీలోనే ఇప్పుడు నూకరత్నం కూర్చుంటోంది.

తండ్రి మాట విన్నప్పటి నుంచి ఆమెకు ఒకటే బెంగ. పేటలో వాళ్ళు ప్రకటన విని దానికి ఎదురు చేయడానికి అలవాటు పడిపోయారు. ఏదో ఒకనాడు నిన్నటి అల రేపు కూడా వస్తుంది. ఆనాడు నాన్న పడవ తోస్తాడు.

అందుకే కొత్త యంత్రాలు వచ్చిన రోజున ఆమె సంతోషించినట్టు మరెవ్వరూ సంతోషించలేదు. వాటిలో ఉన్నది తారక-14. చెక్కపెట్టెలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాలు లేకపోయినా కింద నిమ్మకాయలు పెట్టి లోపలికి తెచ్చారు. మీట నొక్కారు. ఉత్తుత్తి కంప్యూటరు కళ్ళు తెరిచి, నన్ను నడిపేది ఎవరని అడిగింది. జాబితాలో తారక-14 లేదు. తారక-3 అని సమాధానం వచ్చింది. అది నమ్మి, పాతకాలపు నడకే నడిచింది. రేపటి లెక్క మళ్ళీ ఎల్లుండికే వచ్చింది.

నూకరత్నం సాఫ్ట్‌వేరు తెరిచి చూసింది. జాబితాలో ఒక పేరు, దాని కింద ఆ ప్రాసెసరు ఏమేమి చేయగలదో నాలుగు ముక్కలు చేర్చాలి. అంతే. మధ్యాహ్నం భోజనం మానేసి రాసింది. పెట్టి చూసింది. సాయంత్రం టీ వచ్చేసరికి రేపటి అలలు రేపటికంటే ముందే వచ్చి తెరమీద కూర్చున్నాయి. మర్నాడు పొద్దున్నే రేవుకు వెళ్ళి కళ్ళారా చూసింది. తెర మీద చూసినవే, గట్టు మీదికి వచ్చాయి.

పరుగున పర్యవేక్షకులు మట్టపర్తి వీరభద్రరావు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ముప్పై ఏళ్ళుగా ఆ ఆఫీసు రూళ్ళ పుస్తకానికి కాపలా ఉన్న మనిషి. చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"బానే ఉందమ్మా. కానీ పెట్టి చూశానంటున్నారు. అనుమతి తీసుకున్నారా?"

"లేదండి."

"అనుమతి లేని ప్రయోగం జరగనట్టే లెక్క. జరగనిదానికి ఫలితం ఎలా వస్తుందండీ? తీసెయ్యండి."

ఆమె తీసేసింది. సముద్రం మళ్ళీ నిన్నటికి వెళ్ళిపోయింది.

"జాబితాలో కొత్త పేరు చేర్చాలంటే ఏం చెయ్యాలండీ?"

వీరభద్రరావు గారు రూళ్ళ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని తెరిచారు. "జాబితాలో లేని నమూనాను, దానికి అత్యంత సమీపమైన పాత నమూనాగా భావించవలెను. ఇది ఏడో రూలు. ఈ ఆఫీసుకు వెన్నెముక. ఇక చేర్చాలంటే సదరు నమూనా వయసు, స్థానికత, సత్ప్రవర్తన, దేహదారుఢ్యం నిర్ధారణ కావాలి. నియామక సంఘం ముందు స్వయంగా హాజరు కావాలి. ఆపైన జాబితా అధికారి పచ్చ సిరాతో సంతకం పెట్టాలి. నెలకు ఒక్క సవరణే."

"జాబితా అధికారి ఎవరండీ?"

ఆయన ఒక్క క్షణం కిటికీ వైపు చూశారు. "సోమయాజులు. ఆ పదవి ఇంకా ఖాళీ."

"మరి కొత్తవాళ్ళను వెయ్యలేదా?"

"వెయ్యాలంటే ఆ కొత్తవాళ్ళ పేరు జాబితాలో ఉండాలి కదండీ. చేర్చాలంటే జాబితా అధికారి కావాలి." ఇందులో ఆయనకు వింతేమీ కనపడలేదు. "ముందు మిగతావి కానివ్వండి. సంతకం దేవుడెరుగు."

మిగతావి మొదలయ్యాయి. స్థానికత దగ్గరే చిక్కు వచ్చింది. తారక-14 పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల ఒక దీవిలో. అక్కడి తహసీల్దారుకు రాసిన ఉత్తరం చిరునామా సరిగా లేదని తిరిగొచ్చింది. అయితే తారక-14 మండలంలో అడుగుపెట్టిన నాటి నుంచీ ఎక్కడికీ కదలలేదని వీరభద్రరావు గారే వెసులుబాటు చూపించారు. స్థానికుల్లో కూడా అంత నిలకడ అరుదని రాసి పంపారు. సత్ప్రవర్తన విషయంలో పోలీసు స్టేషను నుంచి హెడ్డు కానిస్టేబులు వచ్చి, యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, "ఎవరితోనూ గొడవల్లేవు కదా?" అని అడిగి, టీ తాగి వెళ్ళాడు.

దేహదారుఢ్య పరీక్షకు మునిసిపల్ డాక్టరు గారొచ్చారు. ఆయన మొహమాటస్తుడు. తనను పిలిచింది యంత్రం కోసమని తెలిసినా, పిలిచినవాళ్ళు పెద్దవాళ్ళు కాబట్టి గుండె చూసే గొట్టం ఆన్చి విన్నారు. వీపు మీద చెయ్యి వేసి ఉలిక్కిపడ్డారు.

"ఒళ్ళు కాలిపోతోందండీ!"

"పని చేస్తుంటే వేడెక్కుతుంది డాక్టరు గారూ," అంది నూకరత్నం.

"పని చేస్తేనే ఇంత జ్వరమొస్తోందంటే వెంటనే విశ్రాంతి ఇప్పించాలి. ఎప్పటి నుంచి ఇలా ఉంది? ఆయాసం కూడా ఉంది, వినండి, ఎలా రొప్పుతోందో."

రొప్పుతున్నది లోపలి ఫ్యాను. తారక-14కు వారం రోజులు వైద్య సెలవు మంజూరైంది. అటెండరు గంగరాజు నుదుటి మీద వెయ్యడానికి తడిగుడ్డ తెస్తుంటే నూకరత్నం గుమ్మంలో అడ్డం పడి ఆపింది. ఆ వారంలో ఇసకపేట మైకు రోజుకొక నిన్నటిని చెబుతూ వచ్చింది.

సెలవు ముగిశాక నియామక సంఘం కూర్చుంది. సంచాలకులు వేదుల త్రివిక్రమరావు గారు అధ్యక్షులు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో సదస్సు నుంచి అప్పుడే వచ్చినట్టు భుజాన సంచితో ఉంటారు. అభ్యర్థిని తోపుడు బల్ల మీద లోపలికి తెచ్చారు. ప్రశ్నలను నూకరత్నం టైపు చేస్తే జవాబు తెరమీద రావాలి.

"సదరు అభ్యర్థి కూర్చోవచ్చు," అన్నారు సంచాలకులు. తారక-14 బల్ల మీదే ఉంది కాబట్టి అభ్యంతరం చెప్పలేదు. "పేరు?"

నూకరత్నం టైపు చేసింది. ఉత్తుత్తి కంప్యూటరు సాఫ్ట్‌వేరును అడిగింది. సాఫ్ట్‌వేరు జాబితాను చూసింది. తెరమీద జవాబు వచ్చింది: తారక-3.

సంఘం సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మళ్ళీ అడగండి. తొట్రుపడి ఉంటుంది."

మళ్ళీ అడిగింది. తారక-3.

"అమ్మాయ్," అన్నారు సంచాలకులు, ఎంతో దయగా. "తాను తారక-3నని అభ్యర్థే స్వయంగా, సంఘం ఎదుట, రెండుసార్లు ఒప్పుకుంది. ఇక తారక-14 అన్న వ్యక్తి ఎక్కడున్నట్టు?"

"జాబితాలో లేదు కాబట్టి అలా చెబుతోందండీ. చేరిస్తే అసలు పేరు చెబుతుంది."

"అసలు పేరు చెబితే చేరుస్తాం."

"చేర్చకపోతే చెప్పలేదండీ!"

"చెప్పకపోతే చేర్చలేం." ఆయన మొహంలో ఎక్కడా చిరాకు లేదు. ఒక అందమైన ముగ్గును చూస్తున్న వాడిలా ఉన్నారు. "ఎంత పకడ్బందీగా ఉందో చూశారా వీరభద్రరావు గారూ! ఒక్క చీమ కూడా దూరడానికి లేదు. ఏడో రూలు రాసిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు నమస్కారం పెట్టాలి."

ఆ వారమే ఆయన విజయవాడలో మనిషీ యంత్రమూ అనే సదస్సుకు వెళ్ళివచ్చారు. తిరిగొచ్చిన ఉదయమే సిబ్బందినంతా సమావేశపరిచారు.

"మనిషికొక రూలు, యంత్రానికొక రూలు ఉండడం అనాగరికం. ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, నేటి నుంచి ప్రాసెసర్ల జాబితా, సిబ్బంది జాబితా కలిపి ఏకీకృత నమూనాల జాబితాగా పరిగణించబడును. అన్ని రూళ్ళూ అందరికీ వర్తించును."

అందరూ చప్పట్లు కొట్టారు. నూకరత్నం కూడా కొట్టింది. మర్నాడు ఉదయం గుమ్మం దగ్గర హాజరు యంత్రం మీద వేలు పెడితే, అది మధురమైన గొంతుతో, "సుస్వాగతం, సోమయాజులు గారూ," అంది.

సోమయాజులు గారు పోయినప్పటి నుంచి జాబితా అధికారి లేరు. లేరు కాబట్టి ఆయన తరవాత చేరిన నూకరత్నం పేరు జాబితాలో లేదు. లేని నమూనాను అత్యంత సమీపమైన పాత నమూనాగా భావించవలెను. ఆ కుర్చీకి అత్యంత సమీపమైన పాత నమూనా, అంతకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న మనిషే.

ఆఫీసు దీన్ని మనస్ఫూర్తిగా పాటించింది. గంగరాజు చక్కెర లేని టీ తెచ్చి పెట్టి, "తమరికి షుగరు కదండీ," అన్నాడు. "నాకు లేదు గంగరాజూ," అంటే, "మీకు లేకపోవచ్చండి, ఆయనకుందండి," అని కప్పు ముందుకు జరిపాడు. లెక్కల విభాగం వాళ్ళు మోకాళ్ళెలా ఉన్నాయని అడిగారు. పిన్ని కూతురి పెళ్ళికి సెలవు అడిగితే, సదరు అధికారి సెలవులన్నీ కాశీయాత్రకు వాడుకున్నారని తిరస్కరించారు. ఆరోగ్య పరీక్షలో రక్తపోటు మామూలుగా ఉండేసరికి, కోలుకున్నందుకు అభినందనలు తెలుపుతూ ఒక పూలగుత్తి వచ్చింది.

ఇంటికెళ్ళి చెబితే పోలయ్య వలకు ముడేస్తూ పడీపడీ నవ్వాడు. "అయితే ఇంట్లోకి సోమయాజులు గారొచ్చారన్నమాట. ఒసే, మంచినీళ్ళివ్వండే పెద్దాయనకి!"

ఆమె కూడా నవ్వింది. కానీ ఆ పై వారం చేతికొచ్చిన ఉత్తర్వు చూశాక నవ్వు రాలేదు. పి. సోమయాజులు గారు ఈ అక్టోబరు నెలాఖరుకు వయోపరిమితి పూర్తి చేసుకుని పదవీ విరమణ చేయుచున్నారు. శాలువా, పూలదండ, గోడగడియారం సిద్ధం చేయవలెను.

నూకరత్నానికి ఇరవై నాలుగేళ్ళు. ఆమె వెళ్ళిపోతే తారక-14 గురించి అడిగే దిక్కు ఆ ఆఫీసులో ఉండదు. తుపాన్ల రోజులు ముందున్నాయి.

ఆ దిగులులో ఉండగానే, నెలాఖరు రోజు మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. నేత చీర, చేతిలో స్టీలు క్యారియరు. గుమ్మం దగ్గర నిలబడి, "సోమయాజులు గారి సీటు ఎక్కడమ్మా?" అని అడిగింది. గంగరాజు ఆవిణ్ణి చూసి, తలదించుకుని, దారి చూపించాడు.

ఆవిడ భ్రమరాంబ గారు. సోమయాజులు గారి భార్య.

నూకరత్నం గబాలున లేచింది.  భ్రమరాంబ గారే మెల్లగా చెప్పింది.

"ఆయన ఆఫీసుకు చేరగానే నా ఫోనుకు కబురొచ్చే ఏర్పాటుండేదమ్మా. విధులకు హాజరయ్యారు అని. ఆయనకు గుండె జబ్బు కదా, నేనే అడిగి పెట్టించుకున్నాను. పోయాక ఆగిపోయింది. మొన్నామధ్య వంటింట్లో ఉంటే మళ్ళీ మోగింది. సోమయాజులు గారు విధులకు హాజరయ్యారు అని. చదువుకుని కాసేపు కూర్చున్నాను. తరవాత లేచి పప్పులో ఉప్పు వేశాను."

"క్షమించండి అమ్మగారూ. ఇప్పుడే తీయించేస్తాను."

"వద్దమ్మా. నేనందుకు రాలేదు." ఆవిడ క్యారియరు బల్ల మీద పెట్టింది. "నిన్న కబురు కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆయన ఏనాడూ ఆలస్యంగా వెళ్ళలేదు. ఏమైందో కనుక్కుందామని వచ్చాను."

"బస్సు దొరకలేదండీ."

"అలాగా. అదే అనుకున్నాను." మూత తీసింది. పెరుగులో నానిన దద్దోజనం, మాగాయ ముక్క. "తిను. చక్కెర వెయ్యలేదులే."

నూకరత్నానికి నవ్వూ, మరేదో కలిసి వచ్చాయి. తింటూ జరిగిందంతా చెప్పింది. తారక-14, జ్వరం, ముఖాముఖి, నాన్న పడవ, సాయంత్రం కప్పబోయే శాలువా. ఆవిడ అంతా శ్రద్ధగా విన్నది.

"ఆయన షుగరిచ్చారు. మోకాళ్ళిచ్చారు. రిటైర్మెంటు కూడా ఇస్తున్నారు. పనివ్వలేదా?"

"ఏ పనండీ?"

"ఆయన పని. ఆ జాబితాలో సంతకాలు పెట్టేది ఆయనే కదా." భ్రమరాంబ గారు సంచీలోంచి ఒక పెన్ను తీసింది. పచ్చ సిరా పెన్ను. "చొక్కాకు మరకలు చేసేది. ఉతకలేక చచ్చేదాన్ని. ఇంట్లో ఉంటే దానికి పని లేదు. మంచి పనికి వాడు."

ఆవిడ వెళ్ళాక నూకరత్నం చాలాసేపు ఆ పెన్ను వైపు చూస్తూ కూర్చుంది. తరవాత వీరభద్రరావు గారి దగ్గరికి వెళ్ళింది.

"నేను సోమయాజులు గారినేనా అండీ?"

"రూలు ప్రకారం నిస్సందేహంగా మీరే."

"అయితే జాబితా అధికారిని కూడా నేనే కదండీ?"

వీరభద్రరావు గారు రూళ్ళ పుస్తకం తెరిచారు. మొదటి నుంచి చివరికీ, చివరి నుంచి మొదటికీ తిరగేశారు. తప్పు పట్టుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించారు. దొరకలేదు. ఏడో రూలులో చీమ కూడా దూరదని సంచాలకులు గారన్నది నిజమే. కాకపోతే అది రెండువైపులా దూరదు.

"మీరే," అన్నారు చివరికి, కొంచెం బొంగురుగా. "కానీ ముఖాముఖిలో నెగ్గలేదుగా, తారక?"

"నియామక సంఘం సిఫారసు మీద జాబితా అధికారికి తుది నిర్ణయాధికారం ఉంటుందని ఆ కిందే ఉందండీ."

ఉంది. "నెలకొక్క సవరణే," అని ఆయన గుర్తుచేశారు. "ఈ నెలది ఇంకా మిగిలే ఉంది. బాగా ఆలోచించుకోండి. మీ పేరు చేర్చుకుంటే ఈ సాయంత్రం మీకు రిటైర్మెంటు ఉండదు. దాన్ని చేరిస్తే మీకు శాలువా తప్పదు."

 హాల్లో కుర్చీలు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. కిటికీలోంచి చూస్తే సముద్రం నున్నగా, నూనె రాసినట్టుంది. అలా ఉన్నప్పుడు నాన్న ఇంట్లో ఉండడు.

నూకరత్నం జాబితా దగ్గరికి లాక్కుని, పచ్చ సిరాతో తారక-14 అని రాసి, కింద పి. సోమయాజులు అని సంతకం పెట్టింది.

వీరభద్రరావు గారు ఆ సంతకాన్ని చాలాసేపు చూశారు. "ఏరా సోమయాజులూ," అన్నారు, కాగితంతో. "వెళ్ళిపోయాక కూడా నా చేత పని చేయిస్తున్నావా?" ముద్ర తీసి గట్టిగా వేశారు.

సన్మానం ఘనంగా జరిగింది. సంచాలకులు త్రివిక్రమరావు గారు గంటసేపు మాట్లాడారు. "సదరు అధికారి సేవలు అమూల్యమైనవి. ముప్పై నాలుగేళ్ళ నిర్విరామ కృషి! నేను ఈ ఆఫీసులో చేరిన కొత్తలో నాకు పని నేర్పింది వీరే," అని నూకరత్నం వైపు చెయ్యి చూపించి, నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. ఆయనకు పని నేర్పింది సోమయాజులు గారే మరి. ఆ కన్నీటిలో మాత్రం మిథ్య లేదు. శాలువా మోకాళ్ళ దాకా వచ్చింది.

పక్క గదిలో ఉత్తుత్తి కంప్యూటరు కళ్ళు తెరిచి, నన్ను నడిపేది ఎవరని అడిగింది. తారక-14 అని జవాబు వచ్చింది. అంతే, కట్టు విప్పిన కోడెలా పరిగెత్తింది. మిఠాయి పంచేలోపే రేపటి లెక్క చేతికొచ్చింది. తెల్లవారుజాము నుంచి ఈదురుగాలి, మనిషి ఎత్తును మించిన అలలు. జారీ చేయువారు: పి. సోమయాజులు, జాబితా అధికారి.

ప్రకటన వెళ్ళిన వెంటనే నూకరత్నం దండ మెడలో ఉండగానే తండ్రికి ఫోను చేసింది.

"ఇన్నానమ్మా," అన్నాడు పోలయ్య. వెనకాల పడవలు దొర్లిస్తున్న కేకలు వినిపిస్తున్నాయి. "పెద్ద అలలంట. పోన్లే, నిన్నటిది కదా, పోయింది. ఈయేళ సంద్రం సూడు, పళ్ళెంలో నీళ్ళలాగుంది. తెల్లారగట్ల ఎల్తన్నాం."

"నాన్నా, అది నిన్నటిది కాదు. రేపటిది!"

"ఊరుకోయే. మీ ఆపీసు రేపటిదెప్పుడు సెప్పింది?"

"ఇవాళే మొదలెట్టింది."

"ఇలాటియి శానా ఇన్నాం. ఇక్కడ పది పడవలు సిద్ధంగున్నాయ్. నా ఒక్కడి కూతురు ఆపీసులో ఉందని ఆళ్ళంతా ఆగుతారేటి?"

 సరైన మాట చెప్పినా నమ్మకుండా ఇన్నాళ్ళూ నేర్పింది తన ఆఫీసే.

"నాన్నా, మైకులో ఆఖరున పేరు చదివారు. విన్నావా?"

"లేదే. ఆఖరు దాకా ఎవడింటాడు?"

"మళ్ళీ వేస్తారు. విను."

ఫోనులోంచే మైకు గరగర వినిపించింది. గాలి, అలలు, తీరం వెంబడి. జారీ చేయువారు... వెనకాల కేకలు ఆగిపోయాయి.

"రత్తమ్మా," అన్నాడు పోలయ్య, చాలా మెల్లగా. "సోమయాజులు గారంటన్నాడే."

"అవును నాన్నా."

"ఆయన పోయారు కదే?"

"పోయారు."

"మరి?"

నూకరత్నం భుజం మీద శాలువా సర్దుకుంది. "ఇవాళే రిటైరయ్యారు నాన్నా."

 పోలయ్య గొంతు ఫోనుకు దూరంగా, పేటంతా వినపడేట్టు లేచింది. "ఒరేయ్, పడవలు రోడ్డు మీదికి లాగండ్రా! పోయినాయన తిరిగొచ్చి మరీ సెప్తన్నాడు, రేపొద్దని! మామూలు అల కాదురోయ్!"

తెల్లవారుజామున సముద్రం ఇసకపేట రోడ్డు దాకా వచ్చింది. ఖాళీ డ్రమ్ములు, వలలు ఆరేసుకునే పాక, ఎవరిదో పాత మంచం తీసుకెళ్ళింది. తీసుకెళ్ళడానికి ఒడ్డున పడవలు లేవు. మనుషులు రోడ్డు మీద నిలబడి, టీ తాగుతూ చూశారు.

ఆ ఉదయం నూకరత్నం ఆఫీసుకు వచ్చింది. రిటైరైన మనిషి ఎందుకు వచ్చిందని ఎవరూ అడగలేదు. రిటైరైంది సోమయాజులు గారు కదా. హాజరు యంత్రం ఏమంటుందో చూద్దామని వేలు పెట్టింది.

"సుస్వాగతం, తారక-14," అంది అది, అదే మధురమైన గొంతుతో.

వీరభద్రరావు గారు అప్పటికే పుస్తకంతో సిద్ధంగా ఉన్నారు. "సోమయాజులు గారు విరమించారు కాబట్టి, జాబితాలో మీకు అత్యంత సమీపమైన పాత నమూనా ఇక అదేనండి. నిన్ననే జాబితాకెక్కింది, ఇవాళ కొత్తగా లెక్కకొచ్చిన మీ కన్నా ఒక్క రోజు సీనియరు." ఆయన మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. నవ్వే అయి ఉంటుంది. "ఇక మీకు ఎప్పుడూ ఏసీ గదే. తడి చేతులతో ఎవరూ ముట్టుకోకూడదు. ముందస్తు నోటీసు లేకుండా ఆపకూడదు. సెలవంటారా, ఒళ్ళు వేడిగా ఉంటే చాలు."

నూకరత్నం తన సీట్లో కూర్చుంది. గంగరాజు టీ తెచ్చాడు. చక్కెర వేసి ఉంది. తాగబోతూ ఆగింది. ఈ వేళకు ఇంకో ఇంట్లో ఒక ఫోను మోగాలి. ఇవాళ మోగదు.

తానే చేసింది.

"అమ్మగారూ, హాజరయ్యానండీ."

అవతల గిన్నె దించిన చప్పుడు. "వేళకే వెళ్ళావా?"

"వేళకేనండీ."

"ఏ పేరుతో?"

"తారక-14 అండీ."

 భ్రమరాంబ గారు నవ్వింది. చాలాకాలం వాడక బిగుసుకుపోయిన తలుపు తీసినట్టు, ముందు కొంచెం కష్టపడి, తరవాత పూర్తిగా. "ఆయన ఉంటే," అంది నవ్వు మధ్యలో, "సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నాకు చెప్పి ఉండేవారమ్మా."

"రేపూ చేస్తానండీ."

"చెయ్యి. ఆలస్యమైతే మాత్రం కనుక్కోవడానికి వస్తాను, దద్దోజనంతో."